ముద్రలో మూడో మాట

"మూడు మాటలు గుర్తుంచుకో," అన్నాడు చీఫ్, బల్లమీద ఒక రబ్బరు స్టాంపు పెడుతూ. "లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. పిడి ఒకసారి తిప్పి నొక్కితే 'పరిమితి'. లారీలు నెమ్మదిస్తాయి. రెండుసార్లయితే 'నిషేధం'. నువ్వు ముద్ర వేసిన పెట్టె ఆగుతుంది. మూడుసార్లు తిప్పావా..."

"దిగ్బంధం."

"రేవు మొత్తం మూత. ఓడ కదలదు, ఈగ దూరదు, ఫోను మోగదు. సోదా ముగిసేదాకా నువ్వూ లోపలే. నీ గొంతు వింటేనే నీ గది తలుపు తీస్తారు. ఈ స్టాంపు సంగతి మనిద్దరికే తెలుసు."

ఏజెంటు తల ఊపాడు. "ఒంటిగంటకి ఆస్పత్రిలో ఉండాలి సార్. అక్క కళ్ళకట్టు విప్పుతారు. మొదట నా ముఖమే చూస్తానంది."

"అయితే మూడో మాట జోలికి పోకు."

పది గంటలకల్లా అతడు రేవు కస్టమ్స్ ఆఫీసులో గుమస్తా. వేళ్ళకు సిరా, చెవి వెనక పెన్సిలు. విదేశీ ముఠా దొంగిలించిన రాడార్ పరికరం నలభయ్యో పెట్టెలో ఉందని కబురు. పదకొండుకి 'నిషేధం' ముద్ర పడింది. పెట్టె తెరిచారు. నిండా పింగాణీ కప్పులు.

ఆ కబురు తెచ్చింది ఆఫీసు సూపరింటెండెంటు. డిపార్టుమెంటులో ఆమె పేరు హంస; పాలనూ నీళ్ళనూ వేరు చేసినట్టు ముఠా రహస్యాలను వడగట్టి తెస్తుందని. ఇప్పుడామె పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అతని గదిలోకి వచ్చి, తలుపు గడియ వేసి, పిస్టల్ తీసింది.

"రెండు చెరువుల్లోనూ ఈదుతున్నారన్నమాట," అన్నాడతడు.

"ఈత వచ్చినవాళ్ళకి చెరువులెన్నయితేనేం? వాచీ. పెన్ను. బూట్లు. కళ్ళజోడు కూడా."

అన్నీ ఇచ్చాడు. చుట్టూ పైకప్పుదాకా ఫైళ్ళు, ఒకే కిటికీ, దానికి ఊచలు. ఊచల అవతల పొగ కక్కుతున్న ఓడ. గోడ గడియారంలో పన్నెండుకు రెండు నిమిషాలు.

ఆమె ఓడ అనుమతి పత్రాన్ని అతని ముందు పరిచింది. స్టాంపును తన చేత్తోనే అతని వైపు జరిపింది. ఆమె కంటికి అది ఉత్త రబ్బరు.

"వెయ్యండి, గుమస్తా గారూ. లంగరు ఎత్తాలి."

పిడి పట్టుకున్నాడు. ఒకటి. రెండు. తెల్లని కట్టు కింద చీకట్లో ఎదురుచూస్తున్న అక్క.

మూడు. నొక్కాడు.

సైరన్ కూసింది. క్రేన్లు ఎక్కడివక్కడ నిలిచాయి. తలుపు మీదికి, కిటికీ మీదికి ఇనుప షట్టర్లు ధబధబ దిగాయి. పిస్టల్ గొట్టం అతని కణతకు ఆనింది.

"ఏం చేశావ్?"

"ముద్ర వేశాను, మేడమ్. కాల్చాలంటే కాల్చండి. నా గొంతు వినపడందే తలుపు తియ్యరు. కూజాలో నీళ్ళున్నాయి, ఇద్దరం పొదుపుగా తాగాలి."

"ఎన్నాళ్ళు?"

"మూడువేల పెట్టెలు. ఎందులో దాచారో చెబితే త్వరగా తేలుతుంది."

ఆమె చెప్పలేదు. మూడో రోజు సాయంత్రానికి కూజా ఖాళీ అయింది, పిస్టల్ బల్లమీదికి చేరింది. అప్పుడు మోగింది ఫోను.

"పరికరం దొరికింది," అన్నాడు చీఫ్. "హంస?"

"అలసి నిద్రపోతోంది సార్. పిస్టల్ నా దగ్గరుంది." బూట్లు దగ్గరికి లాక్కుంటూ అడిగాడు. "అక్క..."

"డాక్టర్ని దగ్గరికి రానివ్వలేదట. నువ్వొచ్చేదాకా కట్టుమీద చెయ్యి వెయ్యడం నిషేధమంది. నేను వెళ్ళి నీ పై అధికారినని కూడా చెప్పా. ఆ ఉత్తర్వు ఎత్తేసే అధికారం నాకు లేదందయ్యా. త్వరగా వెళ్ళు."