జైనబ్ అనేటామె ఇక్కడ లేదు

శుక్రవారం పొద్దున్నే మస్కట్ రూవిలోని ఆ పాత బిల్డింగు మూడో అంతస్తులో తాలింపు వాసన గుప్పుమంది. జైనబీ ఇరవై మూడు క్యారియర్లు వరసగా పెట్టుకుని అన్నం సర్దుతోంది. డ్యూటీలకి పోయే మగవాళ్ళందరికీ ఆమె చేతి పప్పే దిక్కు. ఎవరి గిన్నె ఏదో పేరు రాసుకోకుండానే ఆమెకి తెలుసు.

గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని కూర్చుంది ఆమె కూతురు షబానా. వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటి పిల్ల. ఒక క్లినిక్‌లో బిల్లింగ్ ఉద్యోగం వీసా మీద మస్కట్‌లో దిగి నాలుగు నెలలైంది. ఏడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు తనని ప్రొద్దుటూరులో అవ్వ ఒడిలో పెట్టి ఇంటిపనికి ఒమన్ వచ్చేసిన అమ్మని, ఇరవై రెండేళ్ళ తర్వాత ఈ వంటగదిలో చూసింది. ఎయిర్‌పోర్టుకి ఎదురు రావడానికి అమ్మ దగ్గర కాగితాలు లేవు.

"అమ్మా, ఈ నెలాఖరు దాకే గడువు. కాగితాలు లేనోళ్ళు జరిమానా లేకుండా సరిచేసుకోవచ్చంట. నీకు వీసా ఇచ్చిన పాత యజమాని, అదే కఫీల్ పేరు చెప్పు, రాస్తా."

"మెల్లగా మాట్లాడు పాపా," అంది జైనబీ. ఆమె గొంతు ఎప్పుడూ అంతే, పక్కగదికి కూడా వినపడదు. చిన్నప్పుడు ఫోనులో ఆ గుసగుస విని, అమ్మకి తనతో మాట్లాడడం ఇష్టం లేదేమో అనుకునేది షబానా.

అంతలో కింది అంతస్తులో కుట్టుమిషను నడిపే భూమయ్య తన క్యారియర్ కోసం వచ్చాడు. జగిత్యాల మనిషి. వస్తూనే తలుపు దగ్గరగా వేశాడు.

"చెల్లె, రెండు దినాలు కిందికి దిగకు. మొన్న మల్ల అచ్చిండు ఆ పిలగాడు, ఈడోళ్ళ పొడుగంగి, తెల్ల డిష్‌డాషా ఏస్కొని. ఈడ జైనబ్ అనేటామె ఉన్నదా అని అడిగిండు. ఆ పేరు మా బిల్డింగుల ఇనలేదు పో అన్న. ఇది మూడోపారి. సీఐడీనే, నాకెర్కే."

"పక్కింటోళ్ళను అడిగితే?" అంది షబానా.

"అడిగిండు బిడ్డా! మలయాళపాయనను అడిగిండు, బంగ్లా పోరగాండ్లను అడిగిండు. అందరిది ఒక్కటే మాట. మీ అమ్మ వండింది తిననోడెవ్వడు ఈడ?"

భూమయ్య దిగిపోయాక కూడా షబానా తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది. నలుగురిది నాలుగు భాషలు. ఒకరి పండగ ఒకరికి తెలియదు. అయినా పంతొమ్మిదేళ్ళుగా ఇంతమంది కలిసి ఒక మనిషిని గుప్పిట్లో దీపంలా దాచారు.

మళ్ళీ ఫోను తీసింది. "చెప్పమ్మా. నువ్వు పారిపోయినావని ఆ ఇంటోళ్ళు పెట్టిన ఫిర్యాదు ఇంకా ఉంది. వాళ్ళే వచ్చి వెనక్కి తీసుకుంటే కొత్త కఫీల్ కింద ఈడనే లీగల్‌గా ఉండొచ్చు. లేకుంటే పంపించేస్తారు, మళ్ళీ రానీరు. నా కాంట్రాక్టు రెండేళ్ళు. నువ్వు ఆడ, నేను ఈడ. మళ్ళీ ఫోనులోనేనా మనం?"

"ఆ ఇంటికి మాత్రం పోను."

"యాలా? కొట్టినారా?"

"లేదు."

"ఏమన్నా ఎత్తుకొచ్చినావా?"

"ఛీ, అదేం మాట!"

"మరి యాలా? నాయన సచ్చిపోయినప్పుడు నువ్వు రాలేదు. నేను డిగ్రీ తీసుకున్నప్పుడు రాలేదు. ఇప్పుడు దావ దొరికితే గూడా పోనంటావు. అసలు నీకు మాతో ఉండాలని ఉందా, లేదా?"

జైనబీ గరిటె కింద పెట్టింది. పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

"ఆ ఇంట్లో ఒక పిల్లోడు పాపా. నేనొచ్చిన వారానికి పుట్టినాడు. ఆ మేడంకి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉండె. బిడ్డ డబ్బా పాలు ముట్టడు, ఊపిరి పట్టి ఏడుస్తాడు. నాకేమో నిన్ను ఇడిసొచ్చి పది దినాలు గూడా కాలా. రైకంతా తడిసిపోతాండె. ఎత్తుకుంటి... ఇచ్చితి."

షబానా ఫోను పక్కన పెట్టింది. "ఎన్ని రోజులు?"

"ఏడాదిన్నర."

"నాకు అవ్వ గంజినీళ్ళు పట్టింది," అంది షబానా. "అవి నా పాలు కదమ్మా?"

"నీవే."

ఆ ఒక్క మాటకి షబానా లేచి కిటికీ దగ్గరికి పోయింది. వెనకనించి అమ్మ గొంతు సన్నగా వస్తూనే ఉంది. "రెండేండ్లయినాక ఇంటికి పంపమంటే ఇంకో ఏడాది అనిరి. మూడో ఏడు గూడా అదే మాట. పిల్లోడు నేను లేకుంటే నిద్రపోడని. నీకోసరమే ఒకదినం గేటు దాటితి. వాడు కడ్డీలు పట్టుకుని ఏడుస్తాండాడు. తిరిగి చూడకుండా వస్తి. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండిపోయె. నీ దగ్గరికీ రాలేకపోతి, ఆ గేటుకాడికీ పోలేకపోతి. రెండు దిక్కులా బిడ్డల్ని ఏడిపించినదాన్ని, ఏం ముఖం పెట్టుకుని పోయేది?"

షబానా ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకుని దుపట్టా సర్దుకుంది.

"నేనున్నా కదా, లెయ్యమ్మా. ఆ గేటు నేను తడతా."

*

ఆ ఇల్లున్న మత్రా రూవికి, చిల్లర డబ్బులకి ఎక్కించుకునే బైజా బస్సులో, పది నిమిషాలు కూడా లేదు. నల్లటి కొండ మలుపు తిరగగానే ఒక్కసారిగా సముద్రం, తెల్లటి మేడలు, రేవులో ఓడలు. జైనబీ సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇంత నీళ్ళు!" అంది. "ఈ దేశంలోనే ఉండాను పాపా, పంతొమ్మిదేండ్లాయ దీన్ని చూసి."

షబానా సముద్రం వంక చూడలేదు. అమ్మ ముఖమే చూసింది. పసిపిల్లలా నోరు తెరిచి చూస్తున్న ఆ మనిషి మీద పొద్దుటి కోపం ఎంత పట్టుకుందామన్నా నిలవడం లేదు.

సూక్ బజారు వెనక సందులో కడ్డీల గేటున్న ఇల్లు. జైనబీ మలుపులోనే ఆగిపోయింది. షబానా వెళ్ళి తట్టింది. గేటు తీసింది ఆరడుగుల యువకుడు, తెల్ల డిష్‌డాషాలో. పరాయి మగవాడు కదా అని షబానా చప్పున దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. వచ్చీరాని హిందీలో, "జైనబీ... పాతకాలం పనిమనిషి... ఆమె కూతుర్ని," అంది.

అతను ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా సందు మలుపుకేసి చూశాడు. మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. జైనబీ వెనక్కి రెండడుగులు వేసి గోడకి ఆనుకుంది. అతను ఆమె ముందు ఆగి, వంగి, నెత్తిమీద ముద్దుపెట్టుకుని, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"ముఖీతూ?" అంది జైనబీ. "ఇంత పొడుగైనావా నాయనా?"

లోపలికి తీసుకుపోయాక ఆ ఇంటి యజమానురాలు షిఫా కర్ర ఊతంతో వచ్చింది. మత్రా వ్యాపారుల ఇంటి మనిషి, హిందీ బాగా వచ్చు.

"ఇంత దగ్గర ఉండి రాలేదా జైనబ్? ఎన్నేళ్ళు వెతికించాను! రూవిలో వంట చేస్తోందని ఎవరో చెబితే వీడు మూడుసార్లు వచ్చాడు. ఆ పేరే వినలేదన్నారట."

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. భూమయ్య చెప్పిన సీఐడీ ఇతనే!

"ఫిర్యాదు పెట్టింది మా ఆయన, కోపంలో. ఆయన పోయి నాలుగేళ్ళయింది. పంపకుండా ఆపింది మాత్రం మేమిద్దరం. నా బిడ్డ నిద్రపోవాలని నీ బిడ్డ సంగతి మరిచాను. ఆ తప్పు నాది. క్షమించమని అడగడానికే వెతికాను." ఆవిడ ఆగి షబానా వైపు తిరిగింది. "ముసుగు తీసెయ్యమ్మా. వీడి ముందు నీకు పరదా అక్కర్లేదు. మీ అమ్మ పాలు తాగాడు, నీకు తోబుట్టువు. మన ధర్మంలో ఇది మాటవరసకి అనేది కాదు, పాలు పంచుకున్నవాళ్ళ మధ్య పెళ్ళి కూడదు. నీ పేరు తెలియకుండా వీడికి పెళ్ళి సంబంధం కూడా చూడలేకపోయాను."

షబానా చేతులు కదల్లేదు. తనకి దక్కని పాలు ఎక్కడో ఇంకిపోయాయనుకుంది. అవి ఇక్కడ ఇంత ఎత్తు మనిషై నిలబడి, తనని అక్క అంటున్నాయి. నెమ్మదిగా దుపట్టా వెనక్కి తీసింది.

షిఫా బీరువాలోంచి పట్టుగుడ్డలో చుట్టిన పాస్‌పోర్టు తెచ్చింది. గడువు ఎప్పుడో తీరిపోయింది. తెరిస్తే లోపల ఫోటో. అది అచ్చం తన ముఖం. ఇరవై రెండేళ్ళ పిల్ల, కెమెరాకి భయపడి కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది.

ఇన్నాళ్ళూ తనని వదిలి వెళ్ళింది ఒక పెద్దావిడ అనుకుంది. కాదు, ఇదిగో, ఈ పిల్ల. తన ఈడుది.

"అమ్మా," అని ఒడిలో తల పెట్టేసింది. జైనబీ చెయ్యి ఆమె జుట్టులో ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ కిందట ఆగిన జోకొట్టడం మళ్ళీ అక్కడినుంచే మొదలైంది.

*

ఆదివారం ఆఫీసు తెరవగానే ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం, షిఫా పేరు మీదే కొత్త వీసాకి రాయించడం, కాగితాలు చేతికొచ్చాక ముందు ప్రొద్దుటూరు పోయి అవ్వని చూసి తిరిగి రావడం, అన్నీ మాట్లాడుకున్నారు. ఎంబసీలో కొత్త పాస్‌పోర్టుకి పెట్టాలి. పని చాలా ఉంది. సాయంత్రం అసర్ నమాజు వేళకి ముఖీత్ వాళ్ళని కారులో రూవి తీసుకొచ్చాడు.

తన కుట్టుషాపు ముందు మిషను దగ్గర కూర్చున్న భూమయ్య తెల్ల డిష్‌డాషా దిగడం చూశాడు. మిషను ఆపి, రెండు చేతులూ అడ్డంగా చాపి మెట్లకి అడ్డం నిలబడ్డాడు.

"సాబ్, కిత్నా బార్ బోలా? జైనబ్ ఇదర్ నై హై! కోయీ జైనబ్ నై!"

వెనక తలుపు తీసుకుని జైనబీ కారు దిగింది. ఎండ ముఖం మీద పడుతోంది. తల వంచలేదు, అటూ ఇటూ చూడలేదు.

"ఉండాను భూమయ్యన్నా!" అని అరిచింది. "జైనబీని నేనే! ఈడనే ఉండాను!"

మూడో అంతస్తు దాకా కిటికీలు తెరుచుకున్నాయి. భూమయ్య చాపిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. అమ్మ గొంతు అంత పెద్దదని షబానాకి ఆ రోజే తెలిసింది.