ప్రశాంతత పట్టిన ఇల్లు

వీధి చివరున్న ఆ ఇంట్లో రాత్రి పడుకున్నవాళ్లు తెల్లారేసరికి ఉండరని చెప్పుకునేవారు. చచ్చిపోతారని కాదు — పెట్టేబేడా సర్దుకుని పోయేవారు. ఎందుకని అడిగితే ఒక్కరూ పెదవి విప్పరు. "పట్టుకుంటే వదలదు..." అని మాత్రం గొణిగేవారట.

రిటైరైన స్టేషన్ మాస్టరుకి ఇవేవీ చెవికెక్కలేదు. ఉద్యోగమంతా రైలు కూతల మధ్య గడిపినవాడు, మిగిలిన బతుకైనా చీమ చిటుక్కుమంటే వినపడే చోట గడపాలని ఆయన పంతం. భార్యేమో మార్కెట్ పక్కన మేడ మీద వాటా చూసి పెట్టింది. మనుషుల అలికిడి ఉంటుంది, ఒంట్లో బాగోకపోతే పలికేవాళ్లుంటారు అని ఆవిడ వాదన. బ్రోకరైతే దెయ్యం సంగతి దాచలేదు సరికదా, దాని పుణ్యమాని చుట్టుపక్కల రద్దీ లేదని దాన్నీ ఇంటి సౌకర్యాల్లో కలిపేశాడు.

చివరికి, ఒక్క రాత్రి పడుకుని చూసి అప్పుడు కొనమంది భార్య. తను మాత్రం రానంది.

చాప, దుప్పటి, టార్చిలైటు పట్టుకుని వెళ్లాడు. దీపం ఆర్పి పడుకుని, సుఖమంటే ఇదీ అనుకున్నాడు. కాసేపటికి ఆ నిశ్శబ్దమే చెవుల్లో హోరుపెట్టింది. తన గుండె చప్పుడే ఎవరో తలుపు తడుతున్నట్టు...

కాదు. నిజంగానే తడుతున్నారు.

వెనక తలుపు. మెల్లగా... గోటితో గీరినట్టు.

టార్చి కోసం చాప పక్కన తడుముకున్నాడు. గడియ ఏనాడో ఊడిన ఆ తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. గుమ్మంలో తెల్లటి ఆకారం. తెల్లటి జుట్టు, తెల్లటి బట్టలు... చేతిలో ఏదో పొగలు కక్కుతోంది.

"నిద్రపోయారా?" అంది గుసగుసగా.

టార్చి వేశాడు.

చేతిలో టీ గ్లాసు. పక్కింటి పెద్దాయన — రిటైరైన లెక్చరరు. ఆయనా ప్రశాంతత కోసమే ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడట. భార్య పోయాక పలకరించే దిక్కు లేదు, కంటి మీద కునుకు లేదు. ఈ ఇంట్లో దీపం కనబడిందంటే చాలు, ప్రాణం లేచొస్తుందట.

"అయిదు నిమిషాలు కూర్చోనా?"

కూర్చున్నాడు. మోకాళ్ల సంగతి చెప్పాడు. తన దగ్గర చదువుకుని తనని మర్చిపోయినవాళ్ల సంగతి చెప్పాడు. స్టేషన్ మాస్టరు ఆవలిస్తే, ఆవలింతలు ఎందుకొస్తాయో చెప్పాడు. లేవబోతే చెయ్యి పట్టుకున్నాడు. చల్లటి చెయ్యి, సన్నగా వణుకుతోంది... విడిపించుకోవడానికి మనసొప్పలేదు. అలా తెల్లారిపోయింది.

ఇంటికొస్తూనే, మార్కెట్ పక్క వాటాకే వెళ్దామన్నాడు. భార్య కాఫీ గ్లాసు చేతికిచ్చి దగ్గరగా కూర్చుంది.

"ఏమండీ... కనబడిందా?"

"కనబడింది."

"ఎలా ఉంది?"

ఆయన గ్లాసులోకి చూశాడు.

"నాలాగే ఉంది... ఇంకో పదేళ్లకి."