మూత తీస్తేనే కూసే డిస్కు

రేవు నిండా నీళ్ల తుపాకులే. వాటిలో ఒక్కటి నీళ్లది కాదు.

సోంగ్‌క్రాన్ నీళ్ల పండగ మొదటి రోజు, పట్టపగలు. బ్యాంకాక్ కాలవ మీద పడవ రేవు. ఏజెంట్ కసెమ్ మెట్లు దిగి వస్తున్నాడు. ముఖానికి తెల్లటి సుద్ద, ఒంటిమీద పూల చొక్కా, మెళ్లో నీరు చొరని ప్లాస్టిక్ సంచీ. ఆ రోజు ఊరంతా అదే వేషం. పడవలో అతని కోసం కాచుకుని ఉన్న ఏజెంట్ ఓరథైదీ అదే వేషం. పిల్లలు కసెమ్ మీద నీళ్లు కొడుతున్నారు. నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు. చొక్కా మీద పువ్వు లేనిచోట ఎర్రగా ఒకటి పూసింది.

కూలబోతూ కసెమ్ చేసిన పని ఒక్కటే. మెళ్లో సంచీ తెంపి, కదులుతున్న పడవలోకి విసిరాడు. అది ఓరథై వేళ్లకు తగిలి, జారి, పడవ ఇనుప అంచు మీద ఠంగుమని పడింది.

రేవులో కేకలు లేచాయి. పండగ కేకలనుకున్నారు జనం. పడవ ఆగలేదు. ఇన్నేళ్లూ నోరారా "అన్నా" అని పిలిచిన మనిషి మెట్ల మీద పడి ఉంటే, ఓరథై సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిగి పరుగెత్తితే కాల్చినవాడికి సంచీ దొరుకుతుంది. ఏడవలేదు. పళ్లు కొరికింది.

సంచీలో ఉన్నది హార్డ్‌డిస్క్. సరిహద్దు పక్కన పరాయి ముఠా ఒకటి నడుపుతున్న గోడల కోటలోది. ఉద్యోగాలిస్తామని కుర్రాళ్లను పిలిచి, తాళాలేసి, తన్ని, ఫోన్లలో లోకాన్ని మోసం చేయిస్తున్న చోటు అది. దాన్ని కంపెనీ అని రాసే పత్రికలున్నాయి. కంపెనీ కాదు, జైలు. ఆ జైలుకు యజమాని ఒకడు. ముఠాలో వాడి పేరు తాత. థాయ్‌లాండ్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాడు, కానీ ఒక్క ఫొటో లేదు. ఒక్కసారి మాత్రం కోటకు వెళ్లాడు. అక్కడి కెమెరా వాడి ముఖం పట్టేసింది. కోటలో బట్టలుతికే బువా అనే ఆవిడ ఆ రికార్డర్ లోంచి డిస్క్ పీకి కసెమ్‌కు చేర్చింది. పీకుతున్నప్పుడు అదే కెమెరా ఆమెనూ పట్టింది.

అంటే డిస్క్ మనం చదివితే తాత చిక్కుతాడు. తాత చదివితే బువా చస్తుంది. ఆమె ఇంకా కోటలోనే ఉంది.

* * *

"ప్లగ్ పెట్టావా?" అడిగాడు కర్నల్ సురసిత్. ఆఫీసులో ఆయనా, ఓరథై తప్ప ఎవరూ లేరు. అందరూ పండగకు ఊళ్లు పట్టారు.

"ఒక్కసారి పెట్టాను సార్. టక్, టక్, టక్ అంది. తీసేశాను."

"అయితే మూత విప్పు. ఇంటర్నెట్‌లో వీడియోలు బోలెడున్నాయి. మా బావమరిది ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి బతికించాడట."

"మీ బావమరిది డిస్క్‌లో ఏముంది సార్?"

"పెళ్లి ఫొటోలు."

"వచ్చాయా?"

కర్నల్ గొంతు సవరించుకున్నాడు. "సగం... సరే, సగం కూడా కాదులే. అయితే ఏం చేద్దాం? మన ల్యాబ్ మూడు రోజులు మూత. తాత రేపు సాయంత్రం దేశం దాటుతున్నాడు. ముఖమే తెలీకపోతే ఎయిర్‌పోర్టులో ఎవడి చొక్కా పట్టుకుంటాం?"

ఓరథై ల్యాబ్ టెక్నీషియన్ మనోప్‌కు ఫోన్ చేసింది. ఖోన్‌కేన్‌లో చాలా దూరాన, ఎవరి పండగ ట్రక్కు మీదో ఉన్నాడు. పాటల హోరులో అరిచాడు. "అక్కా! పవర్ ఇవ్వకండి! విప్పకండి! ఫ్రిజ్‌లో పెట్టకండి! మీరు ఏమీ చెయ్యకపోతేనే నేనేమైనా చెయ్యగలను!"

"రాలేవా?"

"బస్సుల్లేవు, రైళ్లలో చోటు లేదు! దాన్ని పట్టుకుని కూర్చోండి, అంతే!"

కూర్చోవడం. కసెమ్ శవం మార్చురీలో ఉంటే, కాల్పించినవాడు సూట్‌కేసు సర్దుకుంటుంటే, చేతులు కట్టుకుని కూర్చోవడం! ఓరథై స్క్రూడ్రైవర్ తీసింది. మొదటి మర మీద ఆనించింది. లోపల తిరిగే పలక మీద తాత ముఖం ఉంది. ఆరు మరలు తీస్తే చాలు అనిపిస్తుంది ఎవరికైనా. కానీ లోపల పలకకూ, దాన్ని చదివే ముల్లుకూ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఉండదు. అక్కడ ధూళి రేణువు పడితే కొండ పడినట్టే. ఆమె తన చేతులు చూసుకుంది. మణికట్టు దాకా తెల్లటి పండగ సుద్ద. ఊపిరిలో సుద్ద. కిటికీ అవతల ఊరంతా సుద్ద.

స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసింది.

"దారిన్ ఉందిగా!" కర్నల్ చిటికె వేశాడు. "ప్రొఫెషనల్, మన మనిషి."

దారిన్‌ను ఎరగనివాళ్లు లేరు. మాల్‌లో డేటా రికవరీ షాపు, గోడల మీద నిలువెత్తు బొమ్మ, డిపార్ట్‌మెంట్‌తో కాంట్రాక్టు. షాపులో దుమ్ము చొరని గాజు పెట్టె ఉంది. కసెమ్ ఆ రోజు డిస్క్ తీసుకుని, తన కళ్లముందే చదివించడానికి పోతున్నది కూడా ఆమె దగ్గరికే.

ఓరథై స్పీకర్ ఆన్ చేసి ఫోన్ కలిపింది.

"అయ్యో చెల్లీ, కసెమ్ సంగతి విన్నాను, గుండె ఆగినంత పనైంది," అంది దారిన్. "డిస్క్ నీ దగ్గరుందా? రేపు పొద్దున్నే తీసుకురా. షాపుకు కాదు, థోన్‌బురిలో మా బంధువుల ఇల్లుంది, అక్కడికి. చల్లగా కూర్చుని విప్పేద్దాం."

"అలాగే అక్కా. నీ దయ." ఓరథై ఫోన్ పెట్టేసింది. కళ్లు చింతనిప్పులయ్యాయి. "విన్నారా సార్?"

"విన్నాను. మంచిదేగా?"

"మాల్ పండగకీ తెరిచే ఉంది, ఇందాక దాని ముందునుంచే వచ్చాను. గాజు పెట్టె వదిలేసి కొంపలో విప్పుతానంటుందేం, ఆ పని తెలిసినది? విప్పేది ఆమె కాదు కాబట్టి. డిస్క్ బాగుచేసేవాడు లోపలున్నది చూస్తాడు. చూస్తే తాత ముఖం తెలిసిపోతుంది. అందుకని ముఖం దాచుకునేవాడికి ప్రొఫెషనల్ దగ్గరికి పోయే గతి లేదు. వాడే విప్పుకోవాలి. తన చేత్తో."

కర్నల్‌కు నెమ్మదిగా తలకెక్కింది. "అంటే కసెమ్ వచ్చే రేవు వాళ్లకు చెప్పింది..."

"మన మనిషే సార్," అంది ఓరథై. "మనం డిస్క్ విప్పొద్దు. వాణ్ణి విప్పనిద్దాం."

పాతసామాన్ల కొట్టులో అదే కంపెనీ డిస్క్ దొరికింది. అదీ చచ్చినదే. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి అసలు దాని లేబుల్ ఊడదీసి దీనికి అంటించింది. మూత కింద గోరంత ట్రాన్స్‌మిటర్ పెట్టింది. చీకట్లో ఉన్నంతసేపూ అది మూగది, ఏ యంత్రంతో వెతికినా దొరకదు. వెలుతురు తగిలితే కూస్తుంది. పని తెలిసినవాడు ముందు కింది సర్క్యూట్ బోర్డు పరీక్షిస్తాడు, మూత జోలికి తొందరపడి పోడు. తొందరపడేవాడి కోసమే ఆ ఉచ్చు.

* * *

మర్నాడు వంతెన దగ్గర దారిన్ ఎదురొచ్చింది. పట్టు బట్టలు, నల్ల కళ్లద్దాలు. ఒంటిమీద నీటిచుక్క లేదు. డిస్క్ అందుకుని, లేబుల్ మీది నంబరు ఫోన్‌లో ఉన్నదానితో పోల్చి చూసుకుంది.

"నువ్వెందుకు చెల్లీ, ఇంటికెళ్లి పడుకో. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో."

"నేనూ ఉంటాను అక్కా."

"పక్కన ఎవరైనా ఉంటే నాకు చెయ్యి వణుకుతుందమ్మా."

"నీకు చెయ్యి వణకడం కూడానా?" అంది ఓరథై. "సరే, పోతున్నాను. భద్రం."

పోయింది సందు చివరిదాకా. అక్కడ నీళ్ల డ్రమ్ముతో ఒక ట్రక్కు ఆగి ఉంది. పైన పాటలు పెట్టుకుని గెంతుతున్న కుర్రాళ్లందరూ కమాండోలు. కోడ్ మాట: "నీళ్లు అయిపోయాయి."

ట్రక్కు పక్కన మంచునీళ్ల అన్నం అమ్ముతున్న ముసలమ్మ ఆమెకు ఒక గిన్నె అందించింది. పట్టుకుని కూర్చుంది, తినలేదు. చెవిలో రిసీవర్ మూగగా ఉంది. కసెమ్ అయితే ఈపాటికి రెండు గిన్నెలు లాగించి, "తినవే, పగ ఎక్కడికీ పోదు" అనేవాడు.

రిసీవర్ కూసింది.

కీచుమని, తెంపు లేకుండా! ఓరథై గిన్నె పడేసి పరుగెత్తింది. కూత పెరిగిన వైపుకు, కాలవ ఒడ్డు ఇంటికి. తలుపు తన్నింది. బల్ల మీద స్క్రూడ్రైవర్, మూత తీసిన డిస్క్, ఇంకా పొగలు కక్కుతున్న టీ. మనిషి లేడు. ట్రాన్స్‌మిటర్‌ను చూసి పసిగట్టాడు. వెనక తలుపు తెరిచి ఉంది.

వెనక సందులో జనం. అటు కమాండోల ట్రక్కు, ఇటు కాలవ. మధ్యలో పందిరి. పందిరి కింద పేట పెద్దలు పూలదండలతో వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. పిల్లలు మోకాళ్ల మీద వంగి వాళ్ల అరచేతుల్లో మల్లెల నీళ్లు పోసి దీవెనలు పుచ్చుకుంటున్నారు. అందరూ ముసలివాళ్లే. అందరికీ తెల్లజుట్టే. అందరూ ఎవరో ఒకరికి తాతలే.

సందు మొదట్లో కారు హారన్ కొట్టింది. దారిన్ కారు. వరసలో ఎవడో ఇప్పుడు లేస్తాడు. లేచి గుంపులో కలిస్తే మళ్లీ ఈ జన్మకు దొరకడు.

ఓరథై ఒక పిల్ల చేతిలోని వెండి గిన్నె అందుకుంది. మొదటి కుర్చీ ముందు మోకరిల్లింది. చాచిన వేళ్లు చూసింది. పొద్దుటినుంచీ నీళ్లలో నాని, ఎండు ఖర్జూరాల్లా ముడుచుకుపోయాయి. పోసింది. "చల్లగా ఉండు తల్లీ." రెండో కుర్చీ. అవే నానిన వేళ్లు. మూడు. నాలుగు. కారు మళ్లీ హారన్ కొట్టింది.

ఐదో మనిషి లేవబోతున్నాడు. ఆమె దబ్బున ఆయన కాళ్ల ముందు వాలి గిన్నె ఎత్తింది.

"దీవించు తాతా."

ఆయన కళ్లు కారు వైపు పోయి వెనక్కి వచ్చాయి. కాళ్ల దగ్గర వంగిన పిల్లను కాదని లేచిపోతే సందు సందంతా తల తిప్పి చూస్తుంది. ఈ దేశంలో ముప్పై ఏళ్లు బతికినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కూర్చున్నాడు. రెండు చేతులూ చాచాడు.

వేళ్లు పొడిగా ఉన్నాయి. ఒక్క ముడత లేదు.

ఓరథై కుడి చేత్తో నీళ్లు పోసింది. ఎడమ చేత్తో బేడీలు వేసింది.

"నీళ్లు అయిపోయాయి!" అని గొంతు చించుకుని అరిచింది. ట్రక్కు మీది కుర్రాళ్లు దూకారు. సందు మొదట్లో దారిన్ కారు అద్దాలు పగిలాయి. పట్టు బట్టల మీద పండగ నీళ్లు తొలిసారి పడ్డాయి.

"పొరపాటు పడ్డావమ్మా," అన్నాడు ముసలాడు మెత్తగా. "ఎవరి ముఖంతో పోల్చి పట్టుకున్నావు నన్ను? చూపించు."

"చూపిస్తాను. నువ్వు విప్పింది పాతసామాన్ల కొట్టుది. అసలుది నా దగ్గరుంది. దాని మీద ఒక్క మర కూడా కదలలేదు."

అప్పుడు మారింది వాడి ముఖం. ఆమె చెయ్యి నడుము దగ్గరి పిస్టల్ మీదికి పోయింది. వాడు చూశాడు. చంపేస్తుందేమోనని ఆశపడ్డాడు కూడా.

"కాల్చను," అంది. "కాలిస్తే నీ ముఖం మట్టిలోకి పోతుంది. ముప్పై ఏళ్లు దాచావుగా? దాన్ని ప్రతి గోడ మీదా అంటిస్తాను. నువ్వు తాళాలేసిన ప్రతి కుర్రాడూ వచ్చి చూసి ఉమ్మాలి."

ఆ సాయంత్రమే సైన్యం కోట గోడ పగలగొట్టింది. బువా తడిబట్టల మూటతో సహా బయటికి నడిచింది.

* * *

పండగ అయ్యాక మనోప్ తిరిగొచ్చాడు. డిస్క్ అందుకుని, తిప్పి చూసి, ముందు ఒకటే అడిగాడు. "ఎవరూ విప్పలేదు కదా?"

"లేదు."

"ఫ్రిజ్‌లో?"

కర్నల్ గోడ వైపు చూశాడు. "లేదయ్యా."

గాజు గదిలో మనోప్ ముల్లు మార్చాడు. పలక తిరిగింది. తెర మీద మెట్లు దిగుతూ తాత, తేటతెల్లంగా, పట్టపగటి వెలుతురులో. ఆఖరున బువా ముఖం. వైరు పీకబోయే ముందు ఆవిడ కెమెరాలోకి సూటిగా చూసి నాలుక బయటపెట్టింది. ఓరథై పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో కసెమ్ గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంది.

కర్నల్ కుర్చీలోంచి లేచాడు. "ఇక తాత నోట్లోంచి మిగతా కోటల జాడ లాగాలి. ప్రొఫెషనల్స్‌ని పిలిపించనా?"

"వద్దు సార్," అంది ఓరథై, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "ఈ ఒక్క పనీ సొంతంగా చేసుకుంటాను."