అన్నయ్య చెప్పిన రూలు

"నువ్వు మళ్ళీ కాలేజీకి పోవాలి," అన్నాడు పెద్దాయన.

డేగ నవ్వబోయి ఆగాడు. ఏజెన్సీ మొత్తంలో పెద్దాయన జోకు వేసిన దాఖలా ఒక్కటీ లేదు.

"నాకు ముప్పై నాలుగేళ్ళు సార్."

"చదువుకి వయసేంటయ్యా? మీసం తీసెయ్. భుజానికి బ్యాగు తగిలించుకో. ఎవరైనా అడిగితే, ఉన్న ఉద్యోగం వదిలేసి ఎం.ఎస్.కి వచ్చానని ఏడుపుమొహం పెట్టు. అది నీకు పుట్టుకతోనే ఉంది."

బల్ల మీదుగా ఒక ఫొటో జారి వచ్చింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, బిక్కచచ్చిన కళ్ళు.

"యూనివర్సిటీ ల్యాబ్ నుంచి సీలు వేసిన గొట్టం ఒకటి బయటికి తెస్తూ దొరికిపోయాడు. అందులో ఉన్నది బూజు. పచ్చటి పైరుని వారంలో బూడిద చేస్తుంది. కొనడానికి మన శత్రువులు కాచుక్కూర్చున్నారు. ఎవరికోసం తెచ్చావురా అంటే నోరు విప్పడు. జైలుకైనా పోతానంటాడు."

"డబ్బు ఆశా?"

"పైసా ముట్టలేదు. భయం! స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడదు. పిల్లలు అప్పుడప్పుడూ దాటేస్తారు. ఒక విదేశీ ముఠా ఆ తప్పు పట్టుకుని, 'వీసా ఊడగొడతాం' అని బెదిరించి వాళ్ళని ఆడిస్తోంది. నువ్వు వెళ్ళి ఆ ముఠాకి దొరికిపోవాలి. దీని పేరు ఆపరేషన్ పార్ట్‌టైమ్."

"దొరికిపోవడం నాకు అలవాటు లేదు సార్."

"అందుకే ట్రైనింగ్ ఇవ్వడం లేదు." పెద్దాయన లేచాడు. "నీ వీసా అసలుది. అడ్మిషన్ అసలుది. అక్కడ ఇరుక్కుంటే నువ్వెవరో మాకు తెలీదు. మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్‌నేమ్ కాటుక. ఆమెతో తప్ప ఎవరితోనూ నోరు జారకు."

ఇచ్చిన పరికరం ఒకే ఒక్కటి, మాటలు రికార్డు చేసే పెన్ను. అంతకుమించి బడ్జెట్ లేదట.

*

విమానం దిగిన మర్నాడు, పెద్దాయన చెప్పిన వీసా కన్సల్టెన్సీ ఆఫీసు మెట్లెక్కగానే సెంటు వాసన గుప్పుమంది. అద్దాల కేబిన్‌లో ముదురెరుపు కోటు వేసుకున్న ఆవిడ కూర్చుని ఉంది. ఆ కళ్ళు చూస్తే కాటుక అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, ఊరికే పెట్టలేదని డేగకి అర్థమైంది. బయట కుర్రాళ్ళంతా ఆవిడని మేడమ్ అంటున్నారు.

"ఫొటోకి వెనక తెల్ల తెర ఉందాండీ?" అన్నాడు డేగ.

"ఉంది. కానీ మీరు నవ్వకూడదు."

"నవ్వొచ్చే రోజులు కావులెండి."

కోడ్ కలిసింది. ఆవిడ తలుపు వేసింది. ఆవిడే అతనికి ఫ్రోజెన్ ఫుడ్ గోడౌన్‌లో పని ఇప్పించింది. "ముఠా మనుషులు అక్కడే తిరుగుతుంటారు. గంటలు దాటించండి. వాళ్ళే వస్తారు," అంది. డేగ దాటించాడు. ఒక వారం కాదు, వరసగా మూడు వారాలు. ఎర వేశాక దారం లాగకూడదు కదా!

ఉండటానికి మూడు గదుల ఫ్లాటు, అందులో ఏడుగురు. బాత్‌రూమ్ తలుపు మీద వంతుల పట్టిక. మొదటి రోజే పిల్లలు అతని నెత్తిన ఉన్న రెండు తెల్ల వెంట్రుకలు చూసి 'మావయ్య' అని పేరు పెట్టేశారు. నాలుగు దేశాల్లో తుపాకీ పేల్చిన డేగ, చెత్త బయట పెట్టలేదని తిట్లు తినడం అదే మొదటిసారి.

కింది ఫ్లాటులో ఉండే అమ్మాయి రోజూ వీళ్ళ వంటింటికి వచ్చేది, వాళ్ళ స్టవ్ పాడైందని. క్లాసులో ఫస్టు కాబట్టి అందరూ ఆమెని టాపర్ అనేవారు. ల్యాబ్‌లో ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తోంది. అన్నం నిలబడే తినేది. ఫోన్ టింగుమంటే చాలు, ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

"ఎవరమ్మా ఎప్పుడూ మెసేజ్‌లు?"

"అన్నయ్య, మావయ్యా. గ్రూపులో."

ఆ గ్రూపులో ఊళ్ళో ఉన్న స్టూడెంట్లు అందరూ ఉన్నారు. అడ్మిన్ పేరు అన్నయ్య. మనిషిని చూసినవాడు లేడు, మాట కాదన్నవాడూ లేడు. 'కంప్లైంట్ చేస్తే ముందు మీ వీసానే పోతుంది.' 'యూనివర్సిటీ వీసా ఆఫీసుకి వెళ్ళకండి, అక్కడ అడిగింది నేరుగా ఇమ్మిగ్రేషన్‌కి వెళ్తుంది.' ఇలా రోజుకో పిడుగు. చుట్టుపక్కల ఎవరైనా సీనియర్ అన్నాడంటే అది వేదం! లక్షణంగా ప్రభుత్వం వాళ్ళే రాసిపెట్టిన రూల్స్ ఉండగా వాటిని తెరిచి చూసిన పాపాన ఒక్కడూ పోలేదు. డేగ మాత్రం చదివాడు. బాంబు విప్పే పుస్తకం చదివినంత శ్రద్ధగా చదివాడు.

మూడో వారం గడిచిన మర్నాడు అన్నయ్య నుంచి డేగకి విడిగా మెసేజ్ వచ్చింది. 'తమ్ముడూ, నీ షిఫ్టుల ఫొటోలు నా దగ్గరున్నాయి. కంగారు పడకు, నేను చూసుకుంటాను. చిన్న సాయం చెయ్యాలి.'

డేగ సంబరపడ్డాడు. కాసేపే. షిఫ్టుల సంగతి అతను ఒక్క కాటుకకే చెప్పాడు. అన్నయ్యకి గోడౌన్ వాళ్ళు చెప్పారా, ఆవిడ చెప్పిందా?

తేల్చుకోవడానికి ఆ పూటే కన్సల్టెన్సీకి వెళ్ళాడు. "పెద్దాయన దగ్గర్నుంచి సీక్రెట్ న్యూస్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇమ్మిగ్రేషన్ వాళ్ళు కొత్త రూలు తెస్తున్నారు. సైకిల్ మీద డెలివరీ చేస్తే కిలోమీటర్లని కూడా గంటల్లోకి మారుస్తారట. ఎవరితోనూ అనకండి."

"అయ్యో, పాపం పిల్లలు!" అంది కాటుక.

రెండు గంటలు తిరక్కుండానే గ్రూపు టింగుమంది. 'తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సైకిల్ డెలివరీ చేసేవాళ్ళు జాగ్రత్త. కిలోమీటర్లు గంటల్లోకి...'

పక్క మంచం మీద డెలివరీ కుర్రాడు లబోదిబోమన్నాడు. అన్నయ్య అంటే మగాడే కాదు. కాటుకే! ఏజెన్సీ జీతం తింటూ ముఠాకి పిల్లల్ని పట్టి ఇస్తోంది. ఇంక అతను ఎవరికి చెప్పుకోవాలి? పెద్దాయన తనంతట తాను ఫోన్ చేస్తే తప్ప, ఆయనకి కబురు వెళ్ళేదీ ఆవిడ ద్వారానే. పోలీసుల దగ్గరికి వెళ్తే గంటలు దాటిన స్టూడెంటు. వెళ్ళకపోతే ముఠా చేతిలో బొమ్మ. అచ్చం అడకత్తెరలో పోకచెక్క! ఇన్నాళ్ళూ టాపర్ ముద్ద ఎందుకు మింగలేకపోయిందో అప్పుడు తెలిసొచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టులో సూపర్‌వైజర్ పిలిచాడు. "చివరి కోల్డ్ రూమ్‌లో డబ్బాలు లెక్కపెట్టు."

డేగ లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు ధడాలున మూసుకుంది. లోపలివైపు పిడి ఉండాల్సిన చోట రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి. కొత్తగా పీకిన గుర్తులు.

తలుపు అవతల సుపరిచితమైన గొంతు. "సైకిల్ రూలు గురించి వాకబు చేశాను. అలాంటిదేమీ లేదట. నన్నే పరీక్షిస్తారా?"

"మేడమ్, తలుపు తియ్యండి."

"నవ్వకూడదని ముందే చెప్పాను కదండీ," అంది కాటుక. హైహీల్స్ చప్పుడు దూరమైంది.

మైనస్ పద్దెనిమిది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. డేగ తన్నాడు, అరిచాడు, అట్టపెట్టెలు చింపి ఒంటికి చుట్టుకున్నాడు. పెన్ను తీసి చూస్తే బ్యాటరీ గడ్డకట్టి చచ్చిపోయింది. చచ్చేముందు కనీసం పరీక్షలైనా తప్పాయని సంతోషిద్దామనుకున్నాడు గానీ పళ్ళు టకటకలాడి నవ్వు రాలేదు. భయం వేసింది. నిజంగానే వేసింది. ఇక్కడ తను చస్తే శవాన్ని అడిగేవాడు కూడా లేడు.

ఎంతసేపయిందో తెలీదు. గొళ్ళెం కదిలింది. డేగ తలుపు పక్కకి జరిగి గోడకి అతుక్కున్నాడు.

తలుపు తెరుచుకుంది. "నువ్వు గుమ్మంలోనే ఉండు. లోపల చల్లపెట్టె ఉంది, తెస్తాను. ఫ్లాస్కు అందులో పెట్టి ప్యాక్ చేద్దాం. ట్రక్కు బయలుదేరుతోంది," అంటూ కాటుక లోపలికి వచ్చింది. అతను ఈపాటికి గడ్డకట్టి ఉంటాడనుకుంది కాబోలు. వెనక గుమ్మంలో టాపర్. స్టీలు ఫ్లాస్కుని రెండు చేతులతో పొట్టకి అదుముకుని ఉంది. ల్యాబ్‌లోని బూజు అందులోనే ఉండాలి.

డేగ కాటుక చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి దొరికింది గానీ అతని వేళ్ళలో పట్టు లేదు. ఆవిడ ఒక్క విదిలింపుతో వదిలించుకుని హ్యాండ్‌బ్యాగులోంచి బుల్లి పిస్తోలు తీసి అతని ఛాతీకి ఆనించింది.

"మావయ్యా!" అని కేక పెట్టింది టాపర్.

"ఫ్లాస్కు ఇలా ఇచ్చెయ్ తల్లీ," అంది కాటుక మెత్తగా. "ఇస్తే నీ వీసా పదిలం. చదువయ్యాక మా కంపెనీయే ఉద్యోగం ఇచ్చి స్పాన్సర్ చేస్తుంది. ఇవ్వలేదో, సాయంత్రానికి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు నీ గదిలో ఉంటారు."

బయట ట్రక్కు హారన్ మోగింది. టాపర్ ఒక అడుగు ముందుకి వేసింది.

"నువ్వు చేసిన తప్పేంటమ్మా?" డేగ మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఎప్పుడు దాటావు గంటలు?"

"సెలవుల్లో, మావయ్యా. రెండు సెమిస్టర్ల మధ్య. ఇక్కడే ఫుల్‌టైమ్ చేశాను. మా కోర్సుకి సెలవులు లెక్కలోకి రావని తరవాత..."

"ఎవరు చెప్పారు?"

"అన్నయ్య."

"సెలవుల్లో లిమిట్ లేదు! ఏ కోర్సుకీ లేదు! నువ్వు తప్పే చెయ్యలేదమ్మా!"

"వాడి మాట వినకు," అంది కాటుక. "చలికి మతి పోయింది."

"సైకిల్ రూలు గుర్తుందా? అది నేను పుట్టించాను. ఈవిడ ఒక్కదాని చెవిలోనే వేశాను. రెండు గంటల్లో ఎవరు పెట్టారు గ్రూపులో? ఇదిగో మీ అన్నయ్య, నీ ఎదురుగా నిలబడింది, ఎర్ర కోటేసుకుని!"

టాపర్ కాటుక వైపు చూసింది. కాటుక ఏదో అనబోయి తడబడింది. ఒక్క క్షణమే. ఆ పిల్లకి అది చాలు.

హారన్ మళ్ళీ మోగింది. సూపర్‌వైజర్ అడుగులు దగ్గరవుతున్నాయి.

"తలుపు వేసెయ్!" అరిచాడు డేగ.

"మీరు లోపల..."

"వేసెయ్యవే తల్లీ! క్యాంటీన్‌లోకి పరిగెత్తు. జనం ఉంటారు. పోలీసులకి ఫోన్ చెయ్!"

కాటుక గిర్రున తిరిగింది. ఆలస్యమైపోయింది. తలుపు ధడాలున పడింది, లైటు ఆరిపోయింది. బయట సూపర్‌వైజర్ అడుగులు టాపర్ వెంట పరిగెత్తాయి.

చీకట్లో పిస్తోలు ఎటు చూస్తోందో డేగకి తెలీలేదు.

"కాల్చుకోండి," అన్నాడు. "కాలిస్తే హత్య. కాల్చకపోతే దొంగతనం. ఆపైన మీ ఇష్టం."

కాసేపటికి పిస్తోలు నేల మీద పడిన శబ్దం.

"చదువుకునే రోజుల్లో నా స్నేహితురాలికి జ్వరమొచ్చింది," అంది కాటుక. "ఆమె షిఫ్టు కూడా నేనే చేశాను. ఒక్క వారం, నాలుగు గంటలు ఎక్కువ. ఈ ముఠావాళ్ళు పట్టుకున్నారు. చదువయ్యాక వీళ్ళ కంపెనీలోనే ఉద్యోగం, వీళ్ళ కాగితం మీదే నా వీసా. ఏజెన్సీలో చేరాక కూడా ఆ ఉచ్చు ఊడలేదు. వదిలితే ఉండనివ్వరు, వదలకపోతే బతకనివ్వరు."

"అప్పుడే వెళ్ళి చెప్పేస్తే ఏమయ్యేది?"

"తెలీదు. అడగలేదు." ఆవిడ ఏడుస్తోంది. "ఇంటికి పంపేసేవాళ్ళేమో. అంతేనేమో."

డేగకి జాలేసింది. ఒళ్ళు కూడా మండింది. "మీరు పడ్డ గోతిలోకే పిల్లల్ని ఒక్కొక్కరినీ తోశారు కదండీ!" అన్నాడు. చుట్టుకున్న అట్టముక్కల్లో ఒకటి తీసి ఆవిడ వైపు జరిపాడు.

*

పోలీసులు తలుపు తెరిచేసరికి ట్రక్కుని గేటు దగ్గరే ఆపేశారు. సూపర్‌వైజర్ చేతులకి బేడీలు. ఫ్లాస్కు ప్రొఫెసర్ చేతికి భద్రంగా చేరింది.

స్టేషన్‌లో యూనివర్సిటీ వీసా ఆఫీసరమ్మ టాపర్ రికార్డు చూసి, "సెలవుల్లో ఎన్ని గంటలైనా చేసుకోవచ్చమ్మా. నీ మీద ఏ తప్పూ లేదు," అంది. టాపర్ బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. లేని నేరానికి ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో పాపం.

కానీ ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచాడు. "ల్యాబ్ నుంచి ఫ్లాస్కు తెచ్చింది ఈ అమ్మాయే. బెదిరిస్తే తెచ్చిందనడానికి సాక్ష్యం ఉందా? లేకపోతే కేసు పెట్టక తప్పదు."

పెన్ను చచ్చింది. కాటుక నోరు మెదపడం లేదు. అన్నయ్య పేరుతో టాపర్‌కి మెసేజ్‌లు పెట్టిన అకౌంటుని ముఠావాళ్ళు అప్పటికే మాయం చేసేశారు.

డేగ జేబులో ఫోన్ వణికింది. పక్కకి వెళ్ళి ఎత్తాడు. "శభాష్," అన్నాడు పెద్దాయన. "వార్తల్లో చూశాను. పని అయిపోయింది. వెనక గుమ్మంలోంచి జారుకో."

"ఈ అమ్మాయి ఇరుక్కుంటుంది సార్."

"సాక్ష్యం చెబితే నీ గంటలు బయటపడతాయి. నువ్వెవరో చెప్పడానికి లేదు. గెంటేస్తారు."

"గెంటనివ్వండి సార్."

డేగ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "నన్నూ ఇలాగే బెదిరించారండీ. రాసుకోండి," అని మొదట్నుంచీ చెప్పాడు. తన మూడు వారాలూ చెప్పాడు. అతను ముగించేసరికి ఫ్లాటులో కుర్రాళ్ళు సంగతి తెలిసి ఒక్కొక్కరే స్టేషన్‌కి వచ్చి, "మా సంగతి కూడా రాసుకోండి సార్," అని వరసలో నిలబడ్డారు. డెలివరీ కుర్రాడు అందరికంటే ముందున్నాడు.

ఇన్‌స్పెక్టర్ టాపర్ మీద కేసు లేదని సంతకం పెట్టాడు. స్టేషన్‌కి వచ్చిన ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు కుర్రాళ్ళ కాగితాలు తరవాత చూస్తానని పక్కన పెట్టి, డేగ వైపు తిరిగాడు. "ఈ వారం ఎన్ని గంటలు పనిచేశారు?"

"ఫ్రీజర్‌లో ఉన్నది కూడా కలపాలా సార్?"

"జీతం ఇచ్చారా?"

"లేదు."

"అయితే కలపక్కర్లేదు. అది తీసేసినా దాటారు. రేపు విమానం ఎక్కండి."

బయట టాపర్ అతని చెయ్యి పట్టుకుంది. "నా వల్లే మావయ్యా..."

"ఊరుకో. ఇంటికే కదా పంపుతున్నారు, ఉరికంబానికి కాదు. ఇన్నాళ్ళూ మనమంతా వణికింది దీనికేనా అని సిగ్గేస్తోంది. ఫ్లాటుకి పో, నీ పేరు మీద ఇంకే మచ్చా లేదు. వెళ్ళి కూర్చుని అన్నం తిను."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇన్నాళ్ళలో ఆమె నవ్వగా డేగ చూడటం అదే మొదటిసారి.

ఫోన్ మళ్ళీ మోగింది. "వచ్చే వారం ఇంకో దేశం," అన్నాడు పెద్దాయన. "ఈసారి టూరిస్ట్ వీసా."

"దాని మీద అసలు పనే చేయకూడదు సార్."

"చేస్తావని ఎవరన్నారయ్యా?" అని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.