పొడిగించమంటారా?

ఆ ఆసుపత్రి రికార్డుల గదిలో పొద్దుగూకాక ఎవరూ కూర్చునేవారు కాదు. ఎంత అవసరమైన కాగితమైనా సరే, తెల్లారాక చూద్దామనేవారు.

ఆసుపత్రి రాకముందు అది టెలిఫోన్ ఎక్స్చేంజి. పైఊళ్ళకి మూడేసి నిమిషాల ట్రంకు కాల్స్, కన్నాల్లో ప్లగ్గులు దూర్చి కలిపే బోర్డు ఆ గోడకే ఉండేదట. ఓ గాలివాన రాత్రి లైన్లన్నీ ఒక్కసారే మోగుతుంటే, ఆపరేటరమ్మ ఒక్కతే కూర్చుని కలుపుతూ, కలుపుతూ... కుర్చీలోనే పోయిందట.

ఇప్పుడక్కడ కంప్యూటరు, ఫోను తీగతో ఇంటర్నెట్టు. పగలు బాగానే తగులుకుంటుంది. రాత్రయితే మాత్రం — సరిగ్గా మూడు నిమిషాలు. ఠక్కున తెగిపోతుంది. లైన్‌మన్ నాలుగుసార్లు వచ్చి, తీగలన్నీ మార్చి, చివరికి చేతులెత్తేశాడు.

రికార్డుల గుమస్తాకి ఈ కబుర్లు ఎక్కవు. ఆసుపత్రిలో అందరూ ఆమెని మొండిఘటం అంటారు, అదీ మొహమ్మీదే. జీతం లేకుండా రాత్రి డ్యూటీ చేసే పిచ్చిది ఎవరుంటారు, దెయ్యమైనా సరే, అని నవ్వేసేది.

ఆ రాత్రి ఆమెకి నవ్వు రాలేదు.

ఆసుపత్రి వంటావిడ కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, సాయంత్రం మెట్ల మీంచి పడింది. తలలో రక్తం గడ్డకట్టిందని అంబులెన్సులో పట్నం పెద్దాసుపత్రికి పంపారు. పదకొండింటికి అక్కణ్ణించి ఫోను. పిల్లకి రెండేళ్ళ కిందట తలకి ఆపరేషను చేశారు, మీ దగ్గరున్న ఆ స్కాన్ ఫిల్ములు చూడందే ఎక్కడ కోత పెట్టాలో తేల్చలేను, ఒంటిగంట దాకా ఆగుతాను, ఆపైన ఆగితే పిల్ల దక్కదు అన్నాడు సర్జను.

గుమస్తాకి ఇంటికి కబురొచ్చింది. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే పరిగెత్తుకొచ్చింది. ఫిల్ములు వెతికి, బొమ్మలు కంప్యూటర్లోకి ఎక్కించింది. అవి వెళ్ళడానికి అరగంట పడుతుంది. మధ్యలో తెగిందా... మళ్ళీ మొదటికే.

వాచ్‌మన్ తాత గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"వద్దమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఆవిడ ఊరుకోదు."

మోడెం కీచుమంది, గురగురలాడింది, తగులుకుంది. మూడు నిమిషాలు... ఠక్. మళ్ళీ కలిపింది. మూడు నిమిషాలు... ఠక్. ఏడోసారి తెగేసరికి గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

కోపంతో రిసీవరు లాగి చెవిన పెట్టుకుంది. డయల్ టోను లేదు. ఎవరో... ఊపిరి తీస్తున్నారు.

"మూడు నిమిషాలు అయిందండీ..." అందో ఆడగొంతు, మెల్లగా. "పొడిగించమంటారా?"

పెట్టేసి పారిపొమ్మంటున్నాయి కాళ్ళు. కానీ తెరమీద సగంలో ఆగిపోయిన ఆ పిల్ల తల బొమ్మ...

"పొడిగించు," అంది పళ్ళు బిగించి. "నాకు మూడు నిమిషాలు సరిపోవు. అక్కడ పసిపిల్ల బల్ల మీద ఉంది. ఇంకోసారి లాగావంటే, నువ్వు చచ్చినదానివని కూడా చూడను."

ఆ తర్వాత — గోడలోంచి, ఏదో కన్నంలో ఏదో దూర్చినట్టు, చిన్న చప్పుడు. డయల్ టోను వచ్చింది.

మళ్ళీ కలిపింది. మూడు నిమిషాలు... గోడలో ఆ చప్పుడు. లైను నిలబడింది. ఇంకో మూడు... చప్పుడు. నిలబడింది. ఆమె గోడకేసి కుర్చీ తిప్పుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చుంది, చూద్దాం ఎవరు ముందు లేస్తారో అన్నట్టు.

ఒంటిగంట కొట్టింది. బొమ్మలు ఇంకా వెళ్ళలేదు. ఆగమని చెప్పడానికి వేరే దారి లేదు. ఆ గది లైను తప్ప, ఆసుపత్రిలో పైఊరికి పోయే లైను ఇంకోటి లేదు.

ఒంటిగంటా పదకొండుకి పూర్తయింది. కనెక్షను తీసీ తీయగానే ఫోను మోగింది. అవతల సర్జను దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు. ఫిల్ములు అందాయని, ఆపరేషను మొదలైందని చెప్పాడు.

"మీ ఆపరేటరు గారికి మా థాంక్స్ చెప్పండి," అన్నాడు. "ఒంటిగంటకి సర్జను గారు కత్తి అందుకోబోతుంటే ఆవిడ ఫోన్ చేశారు. వచ్చేస్తున్నాయి, ఇంకో పది నిమిషాలు ఆగండి అని... వినేదాకా వదల్లేదు."

ఆ ఆసుపత్రిలో ఆపరేటరు ఉద్యోగమే లేదు.

"చెబుతానండి," అంది.

పిల్ల నెలతిరక్కుండానే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఆ గది ఖాళీ చేసి కంప్యూటరు కింది అంతస్తుకి మార్చేద్దామని సూపరింటెండెంటు రెండుసార్లు కాగితం పెట్టాడు. రెండుసార్లూ ఆమె చించి చేతిలో పెట్టింది. ఇప్పుడు రాత్రిళ్ళు కూడా అక్కడ ఒక్కతే కూర్చుంటుంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా దెయ్యం అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే.

"దెయ్యమేంటి?" అని కసురుతుంది. "ఆపరేటరు గారు అనండి."