శాలిబండ బావి కాడ కండ్లగంతలు

శాలిబండల వైకుంఠం సేటు పాత ఇల్లున్నది గదా, దీపాలు పెట్టే యాళ్ళకు ఆ గల్లీల షేర్ ఆటోలు గూడ ఆగయి. ఇంటి నడుమ వాకిట్ల బావి. అరవై ఏండ్ల కింద సేటు మేనత్త వరమ్మ అండ్ల పడి సచ్చిపోయింది. అప్పటి సంది మునిమాపుల బావి కాడికెళ్ళి పిలుపు ఇనపడ్తదంటరు... ఆ పిలుపు ఇన్నోడు ఆగలేడు, నడుసుకుంటనే పోతడంటరు. సేటోళ్ళు ఎప్పుడో ఇల్లిడిసి కార్వాన్ బస్తీకి పోయిన్రు.

నేనైతే దెయ్యాలను నమ్మేదాన్ని గాదు. ఆదివారం చర్చికి పోతున్న, పోస్టాఫీసుల అటెండర్ కొలువు జేస్తున్న, నాకేం పని దెయ్యాలతోని? గని ఇది మా అక్క బిడ్డ రాహేలు నా పక్కల కూసోని జెప్పింది. నా చేతుల మీద పెరిగిన పిల్ల. అబద్ధమాడితే నాకు తెల్వదా?

రాహేలు జహనుమా నుంచి రోజూ బస్సెక్కి యూనివర్సిటీకి పోతది. ఇంగ్లీష్ సాహిత్యం ఎం.ఏ. పొద్దంత పుస్తకాలు, మాపటికి నాటకాలు. ఉత్త సదువుడే గాదు — స్టేజీ కట్టుడు, లైట్లు పెట్టుడు, ఆడుడు, అన్నిటికీ మార్కులే. మా బావ డానియేలుకు ఇది ఇయ్యాళ్టికి గూడ అర్థం గాలే. "ఇంగ్లీష్ సదువుకు ఈ గెంతులేంది బిడ్డా?" అంటడు పాపం.

నాటకం పరీక్షకు వాళ్ళ సారు ఒక ఆట పెట్టిండు. ఇద్దరిద్దరు జోడీ. ఒకలు కండ్లకు గంతలు కట్టుకోవాలె. ఇంకొకలు నోట్ల మాట లేకుంట, ఒక్క చప్పుడుతోని వాళ్ళను నడిపియ్యాలె. రాహేలు చప్పుడేందంటే — నాలుక అంగిలికి కొట్టి టక్, టక్, టక్. చప్పుడు ఆగితే ఆగాలె. మిగిలినోళ్ళు సుట్టూ నిలవడి లొల్లి జేస్తరు. పేరు పెట్టి పిలుస్తరు, ఏడుస్తరు, "పాము! పాము!" అని ఒర్లుతరు. ఏదీ ఇనొద్దు. నీ జోడీ చప్పుడు తప్ప లోకంల ఇంకేం లేదనుకోవాలె. పక్కోణ్ణి నమ్మకపోతే స్టేజీ ఎందుకెక్కుతున్నవ్ అంటడట సారు.

రాహేలుకు జోడీ నిఖిలేష్. సేటు మనుమడు. మూడు నెలలు మస్తు సాధన జేసిన్రు ఇద్దరు.

తెల్లారితే పరీక్ష అనంగ హాలు దొరకలే. "మా పాత ఇల్లు ఖాళీగనే ఉన్నది గదా," అన్నడు నిఖిలేష్.

"దెయ్యమున్నదంటరు గదరా?"

"ఉంటే ఉంటది. మా ఇంటి మనిషే గదా... మనల్నేం జేస్తది?"

డిసెంబర్ నెల. ఆరు గాకముందే చీకటి. ఇంట్ల కరెంటు లేదు. ఫోను టార్చి గూట్ల పెట్టి, రాహేలు తన చున్నీతోనే వాని కండ్లకు గంతలు కట్టింది.

మొదటిసారి మంచిగ నడిచిండు. రెండోసారి గూడ. మూడోసారి రాహేలు అర్ర మూలకు పోయి — టక్, టక్...

నిఖిలేష్ రెండడుగులు ఏసిండు. ఆగిండు. తల పక్కకు వంచి ఇన్నడు...

అటు తిరిగిండు. వాకిలి దిక్కు.

రాహేలు ఇంకింత జోరుగ కొట్టింది — టక్, టక్! వాడు మళ్ళలే. ఇంకెవలో నడిపిస్తున్నట్టు, ఒక్కో అడుగు తీరుబడిగ ఏసుకుంట వాకిట్లకు దిగిండు. ఎదురుంగ బావి. ఆ దిక్కు బావి గోడ ఎన్నడో కూలి నేలమట్టమైంది.

"నిఖిలేష్! ఆగు! బావి!"

వాడు నవ్విండు.

"ఆ నవ్వు సూసి నా పానమే పోయింది చిన్నమ్మా," అన్నది రాహేలు. ఎందుకంటే మూడు నెలలు వానికి నేర్పింది అదే గదా — ఎవలెంత ఒర్లినా ఆగొద్దని. ఎంత ఏడ్చి పిలుస్తే వాడు అంత గట్టిగ నమ్మి నడుస్తడు. ఇగ ఏం జేస్తదది? ఏమని పిలుస్తది?

ఉరికింది. చీకట్ల కింద పడున్న పాత నులక మంచంల కాలు ఇరికింది. బోర్ల పడ్డది. గుంజినకొద్దీ తాళ్ళు బిగుసుకున్నయి. పడ్డ కాడికెళ్ళే సూస్తున్నది... ఇంకా నాలుగడుగులు... మూడు... "ప్రభువా, ప్రభువా" అంటున్నది గని గొంతుల కెళ్ళి గాలే వస్తున్నది.

వాడు కాలెత్తిండు. కింద నేల లేదు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉన్నది... మెల్లగ ఎనకకు దించిండు. మొఖం కొంచెం మీదికి లేపి, కదలకుంట నిలవడ్డడు. చానా సేపు. ఆ తర్వాత రెండడుగులు ఎనకకేసి కింద కూసున్నడు.

రాహేలు కాలు పీక్కొని, దేక్కుంట పోయి వాని గంతలిప్పింది. బావిని సూసి వాడు ఎనకకు దేకిండు. అప్పుడే మళ్ళ — టక్, టక్, టక్.

టార్చి కొట్టి సూస్తే బావికి అవతల కంబం మీద బల్లి.

ఉత్త బల్లి! ఇద్దరు నవ్విన్రు, ఏడ్చిన్రు, మళ్ళ నవ్విన్రు. గింతకేనా గింత భయం అనుకున్నరు. బల్లి మాత్రం పలుకుతనే ఉన్నది. అప్పుడు రాహేలుకు తట్టింది.

"అది ఆగనే లేదు గదరా... మరి నువ్వెట్ల ఆగినవ్?"

"నువ్వే గదా ఆపినవ్. చేత్తోని మొఖమంత తడిమినవ్ — నుదురు, ముక్కు, గడ్డం. కొత్త ఆటేమో అనుకున్న. ఆ ఎన్క ఛాతీ మీద చెయ్యి పెట్టి ఎనకకు నూకినవ్."

"నేను నిన్ను ముట్టనే లేదు..."

తాళం గూడ ఎయ్యకుంట ఉరికిన్రు. ఆటో పట్టుకొని కార్వాన్ పోయిన్రు. వైకుంఠం సేటు ముందుగాల మస్తు తిట్టిండు. మొఖం తడిమిన ముచ్చట రాంగనే గోడ పట్టుకొని కూసున్నడు.

"మా అత్తకు కండ్లు లేకుండె," అన్నడు. "చిన్నప్పుడే అమ్మోరు పోసి పోయినయి. ఎవలొచ్చినా మొఖం తడిమి గుర్తుపట్టేది."

తన చెయ్యి దిక్కు సూసుకుంట సేటే మళ్ళ అందుకున్నడు.

"అప్పుడు బావికి గోడ లేకుండె. నేనే ఆమె చెయ్యి పట్టుకొని తిప్పేటోణ్ణి. ఆ పొద్దు... బావికి అవతల దిక్కు నిలవడి నేనే పిలిచిన. రా అత్తా, రా, సక్కగ రా అని. పదేండ్ల పోరణ్ణి. ఆటకు పిలిచిన. అంచు కాడికి వస్తే ఆగు అందామనుకున్న... గొంతు రాలే."

అరవై ఏండ్లల్ల ఆ ముసలాయన ఈ మాట పెండ్లానికి గూడ జెప్పలేదట.

మనుమణ్ణి దగ్గరికి గుంజుకొని, వాని మొఖాన్ని రెండు చేతులల్ల పట్టుకున్నడు.

"అందరు నీది అచ్చం నా మొఖమే అంటరు గదరా. నేనే అనుకొని ఉంటది... నేనే అని తెలిసి గూడ, ఎందుకు ఆపిందిరా?"