లేసు కింద అట్టముక్క

సత్యశ్రీతో నా పరిచయం గొడవతో మొదలైంది. బ్యాంకు పరీక్ష కోచింగులో పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలకి వాక్యాలు రాయమంటే నేను గైడులోంచి దించేశాను. ఆమె అందరి ముందూ లేచి, "అరువు వాక్యాలతో మాట గుర్తుండదండి. మీ బతుకులోంచి రాయండి," అంది. వారం రోజులు ఆమె వైపు చూడలేదు. పౌరుషం మరి.

ఎనిమిదో రోజున నేనే లొంగాను. అట్టముక్కకి ఒకవైపు మాట, రెండోవైపు సొంత వాక్యం. రోజుకి పది మార్చుకోవడం మొదలుపెట్టాం. ఎదుటివాళ్ళ వాక్యం నిజమనిపిస్తే ఆ అట్టని ఉంచేసుకోవాలి, లేకపోతే ఇంటూ కొట్టి తిరిగిచ్చేయాలి. ఆ రూలు ఆమెదే. మొదట్లో నా అట్టలన్నీ ఇంటూలతో తిరిగొచ్చేవి.

నెల తిరిగేసరికి నాకు రాయడానికి ఆమె తప్ప ఇంకేమీ మిగల్లేదు. శనివారం తొమ్మిది అట్టలు ఏదో గీకేసి, పదోదాని మీద 'ఇండిస్పెన్సబుల్' (లేకుండా కుదరనిది) అని రాసి, వెనక ఉన్నమాట రాసేశాను. కట్ట ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా పంటు ఎక్కి ఏరు దాటేశాను. ఆదివారం అన్నం సయించలేదు.

సోమవారం పొద్దున్న సఖినేటిపల్లి నుంచి నరసాపురం వస్తుంటే, పంటు నది మధ్యలో ఉండగా సత్యశ్రీ ఫోను చేసింది.

"గణేష్‌బాబుగారూ, మీ అట్టలు నేనింకా చూడలేదండి. పాత అట్టలనుకుని, లేసు ముక్కలు నలక్కుండా అమ్మ వాటికి కుట్టేసి అత్తయ్యకి పంపేసింది. వాటిలో ఏం లేదుగా?"

"పదోదాంట్లో ఉందండి," అన్నాను.

"ఏం రాశారండి?" ఆమె గొంతు మారింది.

"మీ పేరు," అన్నాను.

అత్తయ్యంటే ఆమె మేనత్త కన్యకాపరమేశ్వరిగారు. రిటైరైన ఇంగ్లీషు టీచరు. ఎగుమతికి వెళ్ళే లేసుని ఇంట్లోనే తనిఖీ చేస్తారు. మగపిల్లలున్న కోచింగు వద్దన్న సత్యశ్రీ నాన్నగారిని ఒప్పించింది ఆవిడే. ఆవిడకి నమ్మకం పోతే ఆమె చదువు ఆ పూటే ఆగిపోతుంది. పరీక్ష చూస్తే ఇరవై రోజుల్లో ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. పంటు మాత్రం తన తీరిక తనదన్నట్టు నడుస్తోంది. రేవు వచ్చేదాకా చేయగలిగింది ఏమీ లేదు.

దిగి టీచరుగారింటికి పరుగెత్తాను. సత్యశ్రీ అప్పటికే మేనత్త ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల బల్ల మీద కుట్లు విప్పిన లేసు ముక్కలు, పక్కన తొమ్మిది అట్టలు. పదోది ఆవిడ చేతిలో ఉంది.

"ఈ రాత ఎవరిది?" అన్నారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"నాదేనండి టీచరుగారూ. సత్యశ్రీగారికి దీని సంగతే తెలియదండి. ఎవరో ఒకరు మానాలంటే నేను మానేస్తాను. ఆవిణ్ణి మాన్పించకండి."

ఆవిడ అట్ట నా చేతికిచ్చి చదవమన్నారు. ఇంగ్లీషులో చదివాను. చాలదన్నట్టు చూశారు. సత్యశ్రీ వైపు చూసే ధైర్యం లేక, నేల చూస్తూ తెలుగులో చెప్పాను.

"నాకు ఉద్యోగం అవసరం. సత్యశ్రీ లేకపోతే మాత్రం నాకు జరగదు."

తర్వాత ఆవిడ, పరీక్ష అయ్యేదాకా ఇద్దరూ తన అరుగు మీద, తన కళ్ళ ముందే చదవాలన్నారు. ఆ తర్వాతి సంగతి తమ్ముడితో తానే మాట్లాడతానన్నారు.

"అదీ నువ్వు సరేనంటేనే. ఏమంటావే?" అని మేనకోడల్ని అడిగారు.

సత్యశ్రీ బల్ల మీది తొమ్మిది అట్టలూ తీసుకుని, ఒక్కోటే చదివి, ఒక్కోదానికీ ఇంటూ కొట్టి నాకిచ్చేసింది.

"అది కూడా ఇలా ఇవ్వండి," అంది.

ఇచ్చాను. రెండుసార్లు చదివింది. పెన్నుకి మూత పెట్టి, ఆ అట్టని తన పుస్తకంలో దాచుకుంది.

"మిగతా తొమ్మిదీ రేపు మళ్ళీ రాసుకు రండి."